ముల్లు కింది గరగర

2013 జూన్‌లో మన దేశంలో పాటల అంగళ్లు రెండు మూతపడ్డాయి. ఒకటి కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్. క్యాసెట్లూ సీడీలూ అరలనిండా పేర్చిన పెద్ద దుకాణం, ఆ ఊరి సంగీతప్రియులకు సాయంత్రపు మజిలీ. రెండోదానికి గుమ్మమూ లేదు, గల్లాపెట్టే లేదు. అది ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో తెరిచిన ‘ఫ్లైట్’ అనే డౌన్‌లోడ్ అంగడి. పాటకింత అని చెల్లించి ఎంపీ3 ఫైలును దించుకోవడం అక్కడి బేరం. ఏడాదిన్నర నిండకుండానే దాన్నీ కట్టేశారు.

సీడీల దుకాణాలకు రోజులు దగ్గరపడ్డాయని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. వాటి ప్రాణం తీసేది డౌన్‌లోడేనని కూడా అనుకున్నారు. తీరా చూస్తే చంపుతుందనుకున్నదీ చస్తుందనుకున్నదీ ఒకే నెలలో పోయాయి. ఆ తర్వాత పదేళ్లలో డబ్బిచ్చి ఫైలు దించుకునే అలవాటు దాదాపు కనుమరుగైంది. నల్లటి గ్రామఫోను ప్లేటు మాత్రం మళ్లీ అచ్చవుతోంది.

చేతికి తగిలే పాట ఇంకెంత కాలం ఉంటుందో చెప్పాలంటే, పాట అసలు వస్తువుగా ఎలా మారిందో చూడాలి. ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి దూకినప్పుడల్లా ఏం మిగిలిందో, ఏం జారిపోయిందో లెక్కవేసుకోవాలి. తెలుగు పాట విషయంలో ఈ లెక్క మరీ అవసరం. మన దగ్గర జారిపోయింది తక్కువేమీ కాదు.

లక్క, పలకరాయి, బొగ్గుమసి

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ తయారుచేసినప్పుడు గొంతు ఒక గొట్టం మీదికి ఎక్కింది. గొట్టానికి నకళ్లు తీయడం కష్టం. జర్మనీలో పుట్టి అమెరికా చేరిన ఎమిల్ బెర్లినర్ 1887లో ఆ గొట్టాన్ని చదునైన పళ్లెంగా మార్చాడు. పళ్లేనికి ఒక లోహపు అచ్చు తీస్తే చాలు, అరిసెలు ఒత్తినట్టు వేల నకళ్లు ఒత్తవచ్చు. పాట అమ్మకపు సరుకైంది ఆ అచ్చుతోనే. బెర్లినర్ కుటుంబం 1898లో తమ సొంత ఊరు హనోవర్‌లో ఒక కర్మాగారం పెట్టింది. ఆ ఊరి పేరు ఈ కథలో ఇంకోసారి వస్తుంది.

1902 చివర్లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తాలో దిగాడు. నవంబరులో గాయని గౌహర్ జాన్ అతని యంత్రం ముందు పాడారు. మైకు ఇంకా రాని రోజులు. గొంతు తాకిడికే ముల్లు కదలాలి గనక పెద్ద కొమ్ములోకి ముఖం పెట్టి గట్టిగా పాడాలి. పాట ముగియగానే ఆమె ఇంగ్లిష్‌లో తన పేరు బిగ్గరగా చెప్పారు. రికార్డు చేసిన పలకలు ఓడెక్కి హనోవర్ వెళ్తాయి. అక్కడి పనివాళ్లకు ఆ భాషా తెలియదు, ఆ పాటా తెలియదు. లేబుల్ మీద ఎవరి పేరు అచ్చువేయాలో ఆ కేకే చెప్పాలి. నూట ఇరవై ఏళ్లు దాటాక కూడా ఆ ప్లేటు పెడితే ఆ కేక వినిపిస్తుంది.

ఆ ప్లేటు దేనితో చేసిందన్నది తెలుగువారికి దగ్గరి సంగతే. లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే జిగురు. ఏటికొప్పాక బొమ్మలకు రంగూ మెరుపూ పట్టించే లక్క అదే. దాన్ని శుద్ధిచేసి, పలకరాయి పొడి, బొగ్గుమసి కలిపి, వేడిగా ఉండగానే అచ్చుల మధ్య నొక్కితే ప్లేటు తయారు. ప్రపంచానికి లక్క పంపిన ప్రధాన దేశం మనదే. చోటానాగ్‌పూర్ అడవుల్లో కొమ్మల నుంచి గీకిన లక్క సముద్రాలు దాటి వెళ్లి, పాటను మోసుకుని తిరిగొచ్చేది. 1908 ప్రాంతంలో కలకత్తా సియాల్దాలోనే కర్మాగారం వెలిశాక ఆ తిరుగుడు తప్పింది. 1928లో డమ్‌డమ్‌లో ఇంకా పెద్దది వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంలో సరుకు ఓడలకు దారులు కష్టమైనప్పుడు, 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్ల కంపెనీలు వాడే లక్కకు భారీగా కోత పెట్టింది. కొత్త ప్లేట్ల కోసం పాతవాటిని ఇళ్ల నుంచి సేకరించి పొడిచేసి కలిపారు. ఒక పాట పోతేగాని ఇంకో పాట రాని ఆ రోజుల్లో ఏయే గొంతులు గిర్నీలో పడి నలిగాయో లెక్క రాసినవారు లేరు.

మూడు నిమిషాల కొలత

పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరుగుతూ ఒక పక్కన మూడు నిమిషాలకు కాస్త పైన పాడుతుంది. గంటసేపు రాగం పాడే విద్వాంసులకు అది గొంతు సవరించుకోవడానికే చాలదు. మొదట్లో చాలామంది పెద్దలు కొమ్ము దగ్గరికి రానేలేదు. యంత్రంలో పాడితే గొంతు పోతుందని కొందరి భయం. తమ పాట ఏ కాఫీ హోటల్లోనో ఎవరెవరి చెవినో పడుతుందని కొందరికి నామోషీ. అప్పుడు ముందుకొచ్చినవారు ఉత్తరాదిన తవాయిఫులు, దక్షిణాదిన దేవదాసీ కుటుంబాల స్త్రీలు. సేలం గోదావరి, బెంగుళూరు నాగరత్నమ్మ లాంటివారు తొలి దశాబ్దంలోనే ప్లేట్లిచ్చారు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చువేయించిన నాగరత్నమ్మ, తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన నాగరత్నమ్మ ఆవిడే. వారు పాడే కచేరీ సంగీతంలో పెద్ద భాగం తెలుగు. కాబట్టి సేలం వారైనా, బెంగుళూరు వారైనా గ్రామఫోను మీదికి తెలుగు మాటను తొలినాళ్లలోనే ఎక్కించారు.

తెలుగునేల మీద ప్లేటును ఇంటింటి మాట చేసింది మాత్రం రంగస్థలం. పద్యనాటకానికి మూడు నిమిషాల కొలత సరిగ్గా అతికింది. ఒక సీసం, దాని వెనక ఎత్తుగీతి, నాలుగు రాగాల సంచారం కలిపితే ప్లేటులో ఒక పక్క నిండుతుంది. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాల ప్లేట్లు నాటక సమాజాలు అడుగుపెట్టని ఊళ్లకు కూడా వెళ్లాయి. ఆయనను వేదిక మీద ఒక్కసారీ చూడనివారు ఆయన పాడిన తీరులోనే పద్యం అప్పజెప్పేవారు. నాటకంలో జనం ‘వన్స్‌మోర్’ అని అరిస్తే నటుడు పాడిన పద్యమే మళ్లీ పాడాలి. ఇంట్లో ఆ పనికి ముల్లు ఎత్తి మొదట్లో పెడితే సరిపోయేది. హరిశ్చంద్ర, కృష్ణరాయబారం లాంటి నాటకాలు నాలుగైదు ప్లేట్లు కలిపిన సెట్లుగా కూడా వచ్చాయి.

1930ల నుంచి మద్రాసు ఈ వ్యాపారానికి కేంద్రం. తర్వాత ఏవీఎం స్టూడియో కట్టిన ఎ.వి.మెయ్యప్పన్ అక్కడ సరస్వతీ స్టోర్స్ పేరిట ఓడియన్ ప్లేట్లు అమ్మేవారు. హెచ్.ఎం.వి., కొలంబియా, హచిన్స్ కంపెనీలు పోటీపడ్డాయి. హెచ్.ఎం.వి. వారే చవకరకం కొనేవారి కోసం ట్విన్ పేరుతో వేరే లేబుల్ నడిపారు. రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ల పిల్లగా ప్లేటు పాడారు. ఆ తర్వాత ఆమె, సాలూరి రాజేశ్వరరావు కలిసి ఇచ్చిన ప్లేట్లతో లలితగీతం అనే కొత్త మర్యాద తెలుగులో స్థిరపడింది. నాటకం కోసమో సినిమా కోసమో కాక, పాట కోసమే పుట్టిన పాటలవి. గ్రామఫోను లేకపోతే వాటికి చోటే ఉండేది కాదు.

1932లో విడుదలైన మన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఈనాడు లేదు. ఆ దశాబ్దపు సినిమాలు అనేకం అలాగే పోయాయి. తొందరగా మంట అంటుకునే నైట్రేటు ఫిల్మును దాచే శ్రద్ధ ఎవరికీ లేకపోయింది. సినిమా కాలిపోయినా దాని పాట మిగిలి ఉంటే అది లక్క పలక మీదే మిగిలింది. ఆ కాలపు నటీనటుల గొంతులు ఎలా ఉండేవో చెప్పగల సాక్షి చాలాచోట్ల అదొక్కటే.

రాగిరేకు నుంచి ఎల్‌పీకి

కొలంబియా కంపెనీ 1948లో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీని తెచ్చింది. లక్క స్థానంలోకి వినైల్ అనే ప్లాస్టిక్ వచ్చింది. కింద పడితే పగలదు, ఒక్కో పక్క ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. మన దేశంలో మాత్రం 78లు వెంటనే పోలేదు. కరెంటు లేని ఇంట్లో కీ తిప్పితే పాడే గ్రామఫోనుకు వేరే ప్లేటు పనికిరాదు మరి.

అయినా ప్లేటు కొని ఇంట్లో వినే స్థోమత ఎందరికుంది? అత్యధికులు పెళ్లిపందిట్లో మైకుసెట్టు మీద, టూరింగ్ టాకీసు గుడారం మీది లౌడ్‌స్పీకర్లో, విజయవాడ రేడియో కేంద్రంలో, రేడియో సిలోన్‌లో విన్నారు. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట లౌడ్‌స్పీకర్లో మొదలైతే, టికెట్లు ఇవ్వబోతున్నారని పొలాల్లో ఉన్నవాళ్లకు కూడా తెలిసిపోయేది. ఒక్క ప్లేటు ఊరందరిదీ. మైకుసెట్టు యజమాని పెట్టెలో ఉన్న యాభై ప్లేట్లే ఆ ఊరి సంగీత భాండాగారం.

ఎల్‌పీ ఇచ్చిన నిడివి తెలుగువారి ఇళ్లలోకి సినిమాకు బయటి సంగీతాన్ని తెచ్చింది. 1963లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్‌పీ వచ్చి తెల్లవారుజామును మార్చేసింది. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె చేత ‘బాలాజీ పంచరత్నమాల’ పేరుతో ఐదు ఎల్‌పీలు పాడించింది. వాటిలోని అన్నమయ్య సంకీర్తనల వెనుక ఇంకో పాత కథ ఉంది. తాళ్లపాకవారు ఆ పదాలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. 1922లో అవి వెలుగులోకి వచ్చేసరికి, 32 వేలుగా చెప్పే సంకీర్తనల్లో చదవడానికి దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. ఒక్కో పదం పైన రాగం పేరు ఉంది. పాడిన బాణీ లేదు. రాగిరేకు మాటను దాచగలిగింది, వరుసను దాచలేకపోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివారు కొత్తగా వరుసలు కడితేగాని ఆ పదాలకు గొంతు రాలేదు. తెలుగు పాటకు తొలి ‘రికార్డు’ రాగిరేకే అనుకుంటే, వస్తువు దేన్ని కాపాడుతుందో దేన్ని వదిలేస్తుందో అప్పుడే తేలిపోయింది.

ఘంటసాల తన చివరి రోజుల్లో పాడిన భగవద్గీత కూడా ప్లేటుగానే జనంలోకి వచ్చింది. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ గీత మాత్రం ఎల్‌పీ నుంచి క్యాసెట్‌కు, అక్కడి నుంచి సీడీకి, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌కు దిగుతూ వచ్చింది. మనిషి పోయిన ఇంట దాన్ని పెట్టడం తెలుగునాట ఆచారంగా స్థిరపడింది. ఆచారమైన పాటను ఏ కాలమూ వదిలిపెట్టలేదు. ఎల్‌పీల మీద ఇంకో వింతా జరిగింది. ‘ముత్యాల ముగ్గు’ (1975) సినిమా మాటలు ప్లేటుగా వచ్చి పాటలతో సమానంగా ఊరూరా మోగాయి. ముళ్లపూడి వెంకటరమణ మాటలు, రావు గోపాలరావు విరుపు సినిమా చూడనివారి నాలుక మీద కూడా ఆడాయి.

గదిలో కర్మాగారం

ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టిన చిన్న టేపు క్యాసెట్ మొదట మాటలు రికార్డు చేసుకునే సాధనం. మన దేశంలో అది పాటల వ్యాపారాన్నే తలకిందులు చేసింది. 1970ల చివర, 80ల మొదట్లో కడప, కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు సెలవుల్లో టూ-ఇన్-వన్‌లు మోసుకొచ్చారు. 1983లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ మొదలుపెట్టి క్యాసెట్ ధరను పేదవాడికి అందే చోటికి దించాడు. క్యాసెట్ల మీద పుస్తకం రాసిన అమెరికా పండితుడు పీటర్ మాన్యుయెల్ లెక్క ప్రకారం, 1980ల మధ్యకే దేశంలో అమ్ముడయ్యే సంగీతంలో 95 శాతం టేపు మీదికి చేరిపోయింది. దశాబ్దాల హెచ్.ఎం.వి. గుత్తాధిపత్యం ఐదారేళ్లలో కరిగింది.

కారణం తేలికైనదే. ప్లేటు ఒత్తాలంటే ఆవిరి యంత్రాలున్న కర్మాగారం కావాలి. క్యాసెట్‌కు ఒక గది, నాలుగు డూప్లికేటింగ్ యంత్రాలు చాలు. పాట అచ్చువేసే అధికారం కలకత్తా నుంచి జిల్లా కేంద్రానికి దిగివచ్చింది. అయ్యప్ప భజనలు, హరికథలు, బుర్రకథలు, హరిశ్చంద్రలో కాటి సీను, ఒగ్గుకథలు క్యాసెట్లుగా వచ్చాయి. ఏ రేడియోలోనూ వినిపించని గద్దర్ గొంతు, జన నాట్యమండలి పాటలు టేపుల మీదే పల్లెలకు చేరాయి. ఒకరి దగ్గర ఉన్న టేపు మరో ఇంట్లో నకలై, ఆ నకలు ఇంకో ఊళ్లో నకలయ్యేది. గొంతు మసకబారినా పాట ఆగలేదు.

బజారులో రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. ఖాళీ క్యాసెట్, పాటల జాబితా ఇచ్చి వస్తే రెండు రోజులకు తయారయ్యేది. అరవై నిమిషాలదైతే పక్కకు ఆరేడు పాటలు, తొంభైదైతే తొమ్మిదో పదో. చివర్లో రెండు నిమిషాలు మిగిలితే ఏ పాట సరిపోతుందో సెంటరువాడికే తెలుసు. లోపలి అట్ట మీద ఎ సైడ్, బి సైడ్ అని గీతగీసి ముత్యాల్లాంటి అక్షరాలతో పాటల పేర్లు రాసి ఇచ్చేవాడు. ఆ అట్టలు ఇప్పటికీ చాలా ఇళ్ల అటకల మీద ఉన్నాయి. టేపు చిక్కుకుంటే పెన్సిలు దూర్చి చుట్టడం ఒక తరం పిల్లలకు చేతి అలవాటు.

వెండి బిళ్ల

1982 ఆగస్టు 17న హనోవర్ పక్కనే ఉన్న లాంగెన్‌హాగెన్ కర్మాగారంలో తొలి వ్యాపార సీడీ ఒత్తారు. స్వీడన్ బృందం ఆబ్బా పాటలవి. ఎనభై ఏళ్ల కింద గౌహర్ జాన్ ప్లేటు ఒత్తిన సంస్థకు వారసులే ఈ బిళ్లనూ ఒత్తినవారు. లక్క మీద గీత ధ్వనితరంగాన్ని చెక్కినట్టే చూపేది. సీడీ దాన్ని సెకనుకు 44,100 అంకెలుగా ముక్కలు చేసి రాసుకుంది. పాట అంకె అయింది అప్పుడే. అంకెకు బిళ్ల అక్కర్లేదన్న సంగతి అందరికీ తెలియడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

మన దగ్గర సీడీ ఖరీదు. క్యాసెట్ దాని పక్కనే 2000ల చివరిదాకా బతికింది. ఈ రెండూ ఉన్న కాలమే తెలుగు సినిమాలో ‘ఆడియో ఫంక్షన్’ వైభవకాలం. ముఖ్య అతిథి వేదిక మీద రిబ్బను విప్పి, క్యాసెట్‌ను ఒకరు, సీడీని ఒకరు పైకెత్తి చూపి, తొలి ప్రతిని ఇంకొకరికి అందించేవారు. పాట బాగా అమ్ముడైతే ప్లాటినం డిస్క్ వేడుక. ఆదిత్య, లహరి, సుప్రీం లాంటి కంపెనీల పేర్లు ప్రతి ఇంట్లో తెలుసు. 2010ల చివరికి ఆ వేడుక పేరే మారిపోయింది. ఇప్పుడు జరిగేది ప్రీ-రిలీజ్ ఈవెంట్. పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలై యూట్యూబ్‌లోకి ముందే వచ్చేస్తున్నాయి. అతిథి చేతికి ఇవ్వడానికి వేదిక మీద వస్తువే లేదు.

దించుకున్న పాట ఏమైంది

జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఇంజినీర్లు 1995లో తమ కుదింపు పద్ధతితో వచ్చే ఫైళ్ల పేర్లకు ఎంపీ3 అనే తోక తగిలించారు. మనిషి చెవి పట్టించుకోని ధ్వనుల్ని తీసేస్తే ఫైలు పదో వంతుకు దిగుతుంది. 1999లో న్యాప్‌స్టర్ ఆ ఫైళ్లను ఉచితంగా పంచింది. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ పాటకు 99 సెంట్ల చొప్పున అమ్మకం తెరిచింది. మన దేశానికి ఆ అంగడి 2012 డిసెంబరులో వచ్చింది. అప్పటికే మనవాళ్లు సొంత దారి చూసుకున్నారు. హైదరాబాద్ కోఠి ఫుట్‌పాత్‌ల మీద వందకు పైగా పాటలున్న ఎంపీ3 సీడీలు దొరికేవి. ఆ తర్వాత ప్రతి సెల్‌ఫోన్ దుకాణంలో పదో ఇరవయ్యో ఇస్తే చిప్‌లో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. గాయకుడికి, రాసినవారికి అందులో పైసా రాలేదు.

డబ్బిచ్చి దించుకునే పద్ధతి ఎక్కడ బలంగా ఉండిందో అక్కడా నిలవలేదు. అమెరికా రికార్డింగ్ సంస్థల సంఘం లెక్కల్లో 2017లో ప్లేట్లు, సీడీల ఆదాయం డౌన్‌లోడ్ల ఆదాయాన్ని తిరిగి దాటేసింది. నెలకింత కట్టి ఏ పాటైనా వినే స్ట్రీమింగ్ వచ్చాక ఫైలును దాచుకోవాల్సిన అవసరమే పోయింది. వినైల్, సీడీ ఉన్నవారికి అందులో వస్తువు ఉంది. ఫైలు కొన్నవారికి అది లేదు, సదుపాయంలోనూ స్ట్రీమింగ్ దాన్ని మించింది. రెంటికీ మధ్య నలిగి పోయింది డౌన్‌లోడే.

మరి స్ట్రీమింగ్‌లో పాట ఎవరిది? 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశానికి వచ్చింది. రెండు నెలల్లోనే సారెగమతో హక్కుల తగాదా కోర్టుకెక్కి, ఆ సంస్థ పాటలన్నీ అందులోంచి తీసేశారు. పాత గ్రామఫోన్ కంపెనీ (హెచ్.ఎం.వి.) వారసురాలు సారెగమే కనుక, పాత తెలుగు పాటల్లో పెద్ద వాటా దాని చేతిలో ఉంది. 2020 జూన్‌లో ఒప్పందం కుదిరేదాకా నెలవారీ చందా కట్టేవారికి కూడా అవి అక్కడ దొరకలేదు. అదే 2019లో మైస్పేస్ అనే సామాజిక మాధ్యమ సంస్థ, సర్వర్లు మారుస్తుండగా తన దగ్గర పన్నెండేళ్లలో జనం పెట్టిన పాటలన్నీ పోయాయని ఒప్పుకుంది. వాటిలో ఎన్నో ఇంకెక్కడా నకలు లేనివి.

మళ్లీ తిరుగుతున్న ప్లేటు

అమెరికాలో 2006 ప్రాంతంలో ఏడాదికి పది లక్షల వినైల్ ఎల్‌పీలు కూడా అమ్ముడవలేదు. 2022లో ఆ సంఖ్య 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు. 1987 తర్వాత సీడీని వినైల్ సంఖ్యలో దాటడం అదే మొదలు. దక్షిణ కొరియాలో పాటల బృందాల సీడీలు బొమ్మల పుస్తకాలతో, ఫొటోకార్డులతో వస్తాయి. 2023లో అక్కడ వాటి అమ్మకం పది కోట్లు దాటింది. కొన్నవారిలో చాలామంది పాటను ఫోన్‌లోనే వింటారు. బిళ్లను దాచుకోవడానికే కొంటారు.

మన దగ్గరా చిన్న కదలిక ఉంది. సారెగమ 2017లో తెచ్చిన కారవాన్ అనే రేడియో ఆకారపు పెట్టెలో ఐదు వేల పాటలు ముందే నింపి ఉంటాయి. తెలుగు పాటలతోనూ అది వచ్చింది. యాప్ తెరిచి వెతకలేని అమ్మమ్మలు, తాతయ్యలు మీట తిప్పి వింటున్నారు. హిందీ, తమిళ సినిమా పాటల వినైల్ ప్లేట్లు మళ్లీ విడుదలవుతున్నాయి. 2024లో ముంబైలో ప్లేట్లు ఒత్తే కర్మాగారం ఒకటి మొదలైంది.

ఈ పునర్జన్మ ఎంత సున్నితమైన దారం మీద నడుస్తోందో 2020 ఫిబ్రవరిలో తెలిసింది. కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయింది. ప్లేటుకు తొలి అచ్చు తీయడానికి కావలసిన లక్కర్ పలకలు ప్రపంచం మొత్తంలో అక్కడా, జపాన్‌లో మరొక చోటా మాత్రమే తయారయ్యేవి. యంత్రం ఉన్నా దాన్ని నడిపే చేయి, పలకను చెక్కే చేయి తగ్గిపోతే అచ్చు ఆగుతుంది. కాబట్టి చేతికి తగిలే పాట ఇకమీద చేనేత చీరలా బతుకుతుందని నమ్మవచ్చు. కొద్దిమంది చేస్తారు, కొద్దిమంది కొంటారు, ధర ఎక్కువగానే ఉంటుంది. ఊరంతా కట్టుకునే రోజులు మాత్రం తిరిగిరావు.

అటక మీద ఉన్నవి

కొత్త ప్లేట్ల సంగతి వ్యాపారం చూసుకుంటుంది. చూసుకునేవారు లేనిది పాతవాటికి. 78 నుంచి ఎల్‌పీకి, ఎల్‌పీ నుంచి క్యాసెట్‌కు, క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి సర్వర్‌కు మారిన ప్రతిసారీ కంపెనీలు అమ్ముడుపోయేవాటినే పైమెట్టు ఎక్కించాయి. ఘంటసాల గీత అన్ని మెట్లూ ఎక్కింది. జిల్లా కేంద్రంలో ఏదో గదిలో నకలైన ఒగ్గుకథ క్యాసెట్ ఒక్క మెట్టూ ఎక్కలేదు. ఆ గది ఖాళీ అయింది, మాస్టర్ టేపు మీద ఇంకేదో రికార్డు చేశారు, లేదంటే బూజుపట్టింది. కోస్తా తేమలో టేపు మీది పూత రాలిపోతుంది. ఇంట్లో రాసుకున్న సీడీ రంగు వెలిసి కొన్నేళ్లకే చదవడం మానేస్తుంది. వీటితో పోలిస్తే పగలకుండా ఉన్న 78 ప్లేటుకే ఆయుష్షు ఎక్కువ. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

దీన్ని ముందే గుర్తించినవారు కొందరున్నారు. వి.ఎ.కె.రంగారావు జీవితమంతా 78 ప్లేట్లు సేకరించి, ఒక్కో పాట ఎవరు రాశారో, ఎవరు వరుస కట్టారో, లేబుల్ మీద పేరు తప్పుపడితే అసలు పాడిందెవరో పత్రికల్లో రాస్తూ వచ్చారు. ముంబైలో రికార్డు సేకర్తలు 1990లో సంఘం పెట్టుకున్నారు. గౌహర్ జాన్ జీవితకథ రాసిన విక్రమ్ సంపత్ పాత ప్లేట్లను అంకెల్లోకి మార్చి అందరికీ వినిపించే భాండాగారం మొదలుపెట్టారు. డిజిటల్ యుగం ప్లేటును చంపిందన్నవారు చూడని సంగతి ఇక్కడుంది: తొంభై ఏళ్ల నాటి తెలుగు పద్యాన్ని అమెరికాలో ఉన్న మునిమనవడు ఫోన్‌లో వినగలుగుతున్నాడంటే, ఎవరో ఒకరు ప్లేటు పారెయ్యకుండా ఉంచబట్టే.

ఆ ఫైలు మొదట్లో పద్యానికి ముందు ఒకటి రెండు క్షణాలు గరగర వినిపిస్తుంది. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు దాన్ని తీసేయగలవు; చాలామంది తీయరు. ప్లేటు మీది గీతలో చేరిన దుమ్మును ముల్లు రాసుకుంటూ పోతున్న చప్పుడది. ఏ ఊళ్లోనో ఎవరి ఇంటనో ఒక ట్రంకు పెట్టె తెరుచుకుంది. హెచ్.ఎం.వి. కుక్కబొమ్మ ఉన్న కాగితపు తొడుగులోంచి ప్లేటు బయటికి వచ్చింది. మెత్తటి గుడ్డతో తుడిచారు. తిరుగుతున్న పలక మీద ముల్లు దించారు. కపిలవాయి గొంతెత్తే ముందు ఆ గరగరలో వినిపించేది ఇదంతా.